భుజము మీది రాకెట్టు గొట్టము

తుపాకి పేల్చినవాని భుజమును తుపాకి వెనుకకు తన్నును. గుండు బరువును వేగమును హెచ్చినకొలది యా తన్ను హెచ్చును. అట్లయిన మూడు కిలోగ్రాములకు మించిన గుండును భుజముపై నుండి యొక సైనికుడు పేల్చుట యెట్లు? రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు వాడిన పాన్జర్‌ష్రెక్ అను నాయుధమే యీ ప్రశ్నకు సమాధానము. ఆ పేరునకు 'ట్యాంకుల పాలిటి భయము' అని యర్థము.

అమెరికనుల బజూకా జర్మనుల చేత జిక్కగా, దానిని జూచి వారు 1943లో దీనిని నిర్మించిరి. బజూకా గొట్టపు వ్యాసము 60 మిల్లీమీటర్లు, దీనిది 88. నిడివి సుమారు 164 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు మనిషి యెత్తు. ఒకడు గురిచూచి పేల్చును. రెండవవాడు వెనుక నుండి రాకెట్టును జొనుపును.

గొట్టమునకు రెండు కొనలును తెరచియే యుండును. మందు మండి వాయువులు వెనుకకు వెడలగా రాకెట్టు ముందునకు బోవును. మన తారాజువ్వ నడచుటయు నిట్లే. కావున భుజమునకు తన్ను లేదు; కాని గొట్టము వెనుక నిలిచినవానికి మంట తప్పదు.

ఇక నుక్కును ఛేదించు విధము. ఈ రాకెట్టు తుపాకి గుండంత వేగముగా బోదు. దాని తలలోని ప్రేలుడు మందు ముందువైపున గరాటువలె గుల్లచేయబడి, లోపల పలుచని లోహపు రేకు తొడుగబడి యుండును. ప్రేలినంతనే యా రేకు నలిగి, సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగముతో సన్నని ధారయై ముందునకు జిమ్మును. పదునైదు సెంటీమీటర్ల యుక్కునైనను అది తొలచును. ఆ ధార వేడిచే నుక్కును కరగించునని పలువురు తలంతురు, అది పొరపాటు. తొలచునది వేగమే. గుల్ల మందునకు గల యీ శక్తిని అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు చార్లెస్ మన్రో 1888లోనే గమనించెను.

అయితే రాకెట్టు గొట్టము వీడిన పిదపను కొంతదూరము మండుచుండెను. పేల్చువాని ముఖము కాలకుండుటకై మొదట వాయు ముసుగు ధరింపవలసి వచ్చెను. 1944లో చిన్న కిటికీ గల యుక్కు డాలును గొట్టమునకు తగిలించిరి. దానితో బరువు పదునొకండు కిలోగ్రాములయ్యెను. పొగయు మెండు. సైనికులు దీనిని 'పొయ్యి గొట్టము' అని పిలిచిరి.

గురి నిలుచు దూరము నూటయేబది మీటర్లే. ట్యాంకు అంత చేరువకు వచ్చువరకు ఆ యిద్దరును కదలక వేచియుండవలెను. పేల్చినంతనే పొగ వారి తావును శత్రువునకు జూపును గనుక, గురి తగిలినను తప్పినను గొట్టము నెత్తుకొని వెంటనే వేరుచోటికి పరుగెత్తవలెను.