పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?

తుక్కుగూడలో బడి పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారనుకోండి. కాలితో బంతిని తన్నే ఆట ఇది. ఒక్కో జట్టులో 11 మంది ఉంటారు. పక్కన తల్లులు నిలబడి చూస్తున్నారు.

"నా బిడ్డ బక్కగుంది. దీనికేం ఆట వస్తది? మాన్పిస్తా" అంటుంది ఒకామె.

"ఆ పొడుగు పిల్లను చూడు, ఎట్ల ఉరుకుతున్నదో! పెద్ద ఆటగత్తె అయితది" అంటుంది ఇంకొకామె.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనం అంటాం. ఆటలో ఆ మాట అన్నిసార్లూ నిజం కాదు. ఎందుకో చూద్దాం.

వయసు తేడా

పిల్లల జట్లకు పుట్టిన సంవత్సరం చూస్తారు. జనవరిలో పుట్టిన పిల్ల, డిసెంబరులో పుట్టిన పిల్ల ఒకే జట్టులో ఉంటారు. కానీ ఇద్దరికీ 11 నెలల తేడా. పెద్ద పిల్లకు బలం ఎక్కువ. అందుకే ఆమెను ఎంచుకుంటారు. చాలా దేశాల్లో ఇలాగే జరిగింది. చిన్న పిల్లకు ఆట రాక కాదు, వయసు చాలక వెనకబడింది.

కొందరు పిల్లలు ముందు ఎదుగుతారు. కొందరు ఆలస్యంగా ఎదుగుతారు. అర్జెంటీనా దేశపు మెస్సీ చిన్నప్పుడు సరిగా ఎత్తు పెరగలేదు. వైద్యం చేయించారు. 2022లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టుకు అతనే నాయకుడు.

మరి ఏం చూడాలి?

1. బంతి రాకముందే తల ఎత్తి అటూ ఇటూ చూస్తుందా?
2. రెండు కాళ్లతో ఆడుతుందా?
3. తోటి పిల్లకు బంతి అందిస్తుందా?
4. చెప్పిన తప్పు దిద్దుకుంటుందా?
5. ఓడిన మర్నాడు మళ్లీ వస్తుందా?

ఒక్క రోజు చూసి తేల్చకండి. పక్క పిల్లతో పోల్చకండి. పోయిన ఏడు ఎట్లా ఆడింది, ఈ ఏడు ఎట్లా ఆడుతోంది? అది చూడండి.

రహీం, బలరాం

ఇలా ఓపికగా చూసే గురువు మన హైదరాబాదులోనే ఉండేవారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. బడి పంతులు. చేతగాని కాలితోనే ఆడాలని పిల్లలకు పోటీలు పెట్టారు.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి పిల్లవాడు ఉండేవాడు. 1936లో పుట్టాడు. రహీం అతని ఆట చూశారు. నేర్చుకోవడానికి రమ్మన్నారు. వచ్చిపోవడానికి బలరాం దగ్గర డబ్బులు లేవు. సైకిలు అద్దెకు రహీమే డబ్బులిచ్చారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు బంగారు పతకం గెలిచింది. ఆ జట్టులో బలరాం ఉన్నాడు. గురువు రహీం.

రహీం ఆట చూసి మెచ్చుకుని ఊరుకోలేదు. దారి ఖర్చు కూడా చూశారు. సైకిలు లేకపోతే ఆ ఆట అమ్ముగూడలోనే ఆగిపోయేది.

ఆడపిల్లల సంగతి

పెద్దమనిషి కాగానే చాలామంది ఆడపిల్లల ఆట మాన్పిస్తారు. అప్పుడు ఆమెలో ఎంత సత్తా ఉందో ఎవరికీ తెలియదు. గుగులోత్ సౌమ్య నిజామాబాదు జిల్లా అమ్మాయి. ఆట మానలేదు. భారత జట్టులో ఆడింది. 2025లో దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఆమెను ఎంపిక చేశారు.

అందరూ సౌమ్యలు కారు. అందుకే చదువు మాన్పించి ఆటకు పంపకండి. రెండూ సాగనివ్వండి.

ఆలోచించండి, చెప్పండి

1. బక్కగా ఉన్న పిల్లకు ఆట రాదనడం ఎందుకు తప్పు?
2. బలరాంకు రహీం ఏం సాయం చేశారు?
3. మీ ఊరి ఆడపిల్లలు ఆడుకునే చోటు ఉందా? లేకపోతే ఎవరిని అడుగుతారు?