కంప్యూటరు సముదాయాలు – వాటి సింహద్వారాలు

1977 నవంబరు 19. దివిసీమ ప్రజలు మరువలేని దినమది. తుపానుతో పాటు వచ్చిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. తీగలు తెగి, బాటలు మునిగి, ఊరికీ ఊరికీ సంబంధం లేకుండా పోయింది. లోపలి గ్రామాల దుస్థితి బయటివారికి వెంటనే తెలియలేదు. ఒకే దారిని నమ్ముకొన్న సంబంధం ఆపదవేళ అక్కరకు రాదన్నది ఆనాటి గుణపాఠం.

నేడు బ్యాంకు లెక్కలు, పరీక్షా ఫలితాలు, తుపాను హెచ్చరికలు కంప్యూటర్ల మీద నడుస్తున్నవి. అవన్నీ ఒకే భవనంలో ఉంటే, ఆ భవనం మునిగిన నాడు అన్నీ ఆగిపోతాయి. కావున ఒకే సేవను రెండు మూడు చోట్ల ఉంచడం వివేకం. అయితే ఆ చోట్లు ఒకదానినొకటి ఎట్లా గుర్తించగలవు? ఈ వ్యాసానికి విషయం అదే.

కంటెయినరు, క్లస్టరు

రేవులో సరుకును పెట్టెలలో బిగించి ఏ ఓడకైనా ఎక్కించినట్లు, ఒక ప్రోగ్రామును దానికి కావలసిన సామగ్రితో సహా కట్టగట్టి ఏ యంత్రం మీదనైనా నడపవచ్చును. ఆ కట్టయే కంటెయినరు. 2013లో వెలువడిన డాకర్ ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చినది. అనేక యంత్రాలను ఒక సముదాయంగా కూర్చి, వాటిపై కంటెయినర్లను నడిపించే కుబెర్నెటీస్‌ను 2014లో గూగుల్ ప్రకటించినది. గ్రీకు భాషలో ఆ మాటకు చుక్కాని పట్టే నావికుడని అర్థం. ఫారసీలో ‘బందర్’ అంటే రేవు. బందరువారికి ఈ నావికుడు పరాయివాడు కాడు!

ఇట్టి సముదాయమే క్లస్టరు. ఇందులో కంటెయినర్లు పుడుతూ, గిడుతూ, చిరునామాలు మార్చుకొంటూ ఉంటాయి. అందుచేత సేవకు ఒక స్థిరమైన పేరు పెడతారు. పేరు పెట్టి పిలిస్తే చాలు, చిరునామాను క్లస్టరే వెదకి ఇస్తుంది. కాని ఈ ఏర్పాటు క్లస్టరు కంచె లోపలనే చెల్లుతుంది. పొరుగు క్లస్టరుకు ఆ పేరూ తెలియదు, ఆ చిరునామాకు దారీ లేదు. మనిషి కూర్చుండి చిరునామాలను వ్రాసిపెట్టవచ్చును గదా అంటే, అవి క్షణక్షణం మారేవి. పైగా తుపాను రాత్రి వాటిని సరిదిద్దేవారెవరు?

ద్వారాల ఏర్పాటు

ఈ చిక్కును విప్పే సాధనాలలో సబ్‌మెరైనర్ ఒకటి. రాంచర్ సంస్థ దీనిని 2019లో వెలువరించినది. ఇందులో ముఖ్యాంగాలు మూడు.

మొదటిది ద్వారం. ప్రతి క్లస్టరులోను ఒక యంత్రాన్ని గేట్‌వేగా నియమిస్తారు. బయటికి పోయే సమాచారం దాని గుండానే పోతుంది. రెండు ద్వారాల నడుమ రహస్యలిపితో రక్షింపబడిన సొరంగం ఏర్పడుతుంది. పులిగడ్డ వద్ద కృష్ణ పాయ మీదుగా అక్విడెక్టు దివిసీమకు కాలువ నీటిని చేరవేస్తున్నది గదా! పై నీరు క్రింది ఏటిలో కలియదు. అట్లే ఈ సమాచారం ఇంటర్నెట్ మీదుగా పోతున్నా, దానిలో కలిసిపోదు. ఒక ద్వారం చెడితే ఆ స్థానంలోకి వచ్చేందుకు మరొక యంత్రాన్ని సిద్ధంగా ఉంచవచ్చును.

రెండవది బ్రోకరు. ఏ ద్వారం ఎక్కడున్నదో తెలిపే చిట్టా దీని వద్ద ఉంటుంది. సమాచారం దీని గుండా పోదు. కావున బ్రోకరు కొంతసేపు మూగవోయినా, అప్పటికే ఏర్పడిన దారులు నడుస్తూనే ఉంటాయి.

మూడవది లైట్‌హౌస్, అనగా దీపస్తంభం. ఒక సేవను ఎగుమతి చేస్తున్నట్లు ప్రకటించగానే, దాని పేరు మిగిలిన క్లస్టర్లన్నిటికీ తనంతట చేరుతుంది. ఎగుమతి ప్రకటన లేని సేవ పేరును అది చాటదు.

ఒక ఉదాహరణ ఊహించుదాం. తుపాను హెచ్చరిక సేవ మచిలీపట్నంలోను, గుడివాడలోను ఒకే పేరుతో నడుస్తున్నది. మచిలీపట్నంలోని అభ్యర్థికి అక్కడి సేవయే జవాబిస్తుంది. అది నిలిచిపోతే గుడివాడ సేవ జవాబిస్తుంది. అడిగినవాడు పేరు మార్చనక్కరలేదు.

జాగ్రత్తలు

రెండు ఊళ్లలో ఒకే ఇంటి నెంబరు ఉన్నట్లు, రెండు క్లస్టర్లలో ఒకే చిరునామాలు ఉండవచ్చును. అప్పుడు గ్లోబల్‌నెట్ అనే భాగం వేరు చిరునామాలను కేటాయిస్తుంది. ఒకే పేరు గల సేవలను ఈ విధానం ఒకే సేవగా భావిస్తుంది గనుక, పేర్లు పెట్టడంలో మెలకువ అవసరం. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ద్వారం బాటను కలుపుతుందే గాని గాదెలోని ధాన్యాన్ని మోసుకొనిపోదు. మచిలీపట్నంలోని వివరాల ప్రతి ముందే గుడివాడ చేరకపోతే, గుడివాడ సేవ పలికినా దాని మాట పాతదే అవుతుంది. ఆ ప్రతిని ఉంచడం వేరే పని. దానిని మరచినవారికి ద్వారాలెన్ని ఉన్నా ప్రయోజనం లేదు.

విద్యార్థి మిత్రులారా! ఇది ధనవంతుల విద్య కాదు. ఈ సాధనాలు ఉచితంగా లభిస్తాయి. కైండ్ అనే సాధనంతో ఒక్క కంప్యూటరులోనే రెండు క్లస్టర్లను నిర్మించవచ్చును. కళాశాల యాజమాన్యం ప్రయోగశాలలో అట్టి యంత్రమొకటి కేటాయిస్తే, విద్యార్థులు ఒక క్లస్టరును బుద్ధిపూర్వకంగా ఆపి, రెండవది పలుకుతున్నదో లేదో స్వయంగా పరీక్షించగలరు. ఆపద రాకముందే చేసే ఆ పరీక్ష, ఉప్పెనను చూచిన ఈ సీమ బిడ్డలకు తగిన విద్య.