బంధం – బంధనం

'బంధం', 'బంధనం' అనే పదాలు రెండూ 'కట్టుట' అనే అర్థం గల 'బంధ్' ధాతువు నుండి పుట్టినవే. ఆంగ్లంలోని 'బైండ్', 'బాండ్' అనేవి వీటికి జ్ఞాతి పదాలు. సంస్కృతంలో బంధ, బంధన శబ్దాలకు అర్థభేదం స్వల్పం. తెలుగు వాడుకలో మాత్రం వీటి దారులు వేరయ్యాయి.

మనిషిని మనిషితో కలిపేది బంధం. బంధువు, సంబంధం, అనుబంధం అనే పదాలు ఈ భావాన్నే తెలుపుతాయి. కదలనీయక పట్టి ఉంచేది బంధనం. అందుకే 'రక్తబంధం' అంటాము గాని 'రక్తబంధనం' అనము. 'బంధనాలు తెంచుకొన్నాడు' అంటే విముక్తుడయ్యాడని గ్రహిస్తాము. 'రక్షాబంధనం' దీనికి అపవాదం. అక్కడ 'కట్టుట' అనే మూలార్థమే నిలిచింది.

బంధం ఒక్కొక్కప్పుడు బంధనంగా మారుతుంది. అప్పు ఇద్దరి నడుమ నమ్మకంతో ఏర్పడే బంధం. ఆ అప్పు కింద మనిషి తగిన కూలి లేక, మరొక చోటికి వెళ్లే స్వేచ్ఛ లేక చాకిరి చేయవలసివస్తే అది బంధనమే. 1976 నాటి చట్టం భారతదేశంలో ఇటువంటి వెట్టిచాకిరిని రద్దుచేసి, దానికి కారణమైన అప్పును తీర్చవలసిన బాధ్యత కూడా లేదని ప్రకటించింది.

అభ్యాసం: 'నిర్బంధం' అనే పదంలో 'బంధం' ఉన్నా దాని అర్థం ఏ వైపు మొగ్గుతుంది? సోదాహరణంగా వివరించండి.