ఉంగరాల జుట్టు – ఉక్కపోత గాలి

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉంగరాల జుట్టున్న పిల్లలకు రోజూ ఒక చిక్కు ఎదురవుతుంది. పొద్దున్నే అమ్మ నూనె రాసి, నున్నగా దువ్వి బడికి పంపిస్తుంది. ప్రార్థనకు నిలబడే సరికి నుదుటి మీద, చెవుల పక్కన వెంట్రుకలు లేచి నిలబడతాయి. మధ్యాహ్నానికి తలంతా విప్పిన బూరుగుదూదిలా అవుతుంది. "తల దువ్వుకోకుండానే వచ్చావా?" అని మాస్టారు అడుగుతారు. పక్కవాళ్ళు "పిచ్చుక గూడు" అని నవ్వుతారు. ఆ పిల్లే ఎండాకాలం సెలవులకు అనంతపురం వెళ్ళిందనుకోండి. అదే జుట్టు, అదే నూనె, అదే దువ్వెన. కాని జుట్టు అంతగా రేగదు!

మరి తప్పు ఎవరిది? దువ్వెనదా? నూనెదా? పిల్లదా? ఎవరిదీ కాదు. ఇదంతా గాలిలో ఉన్న నీటి ఆవిరి చేసే పని. అది ఎలాగో తెలిస్తే, జుట్టును ఎలా చూసుకోవాలో కూడా తెలిసిపోతుంది.

గాలిలో నీళ్ళెన్ని?

30 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి ఉండగలదు. 20 డిగ్రీల దగ్గరయితే సుమారు 17 గ్రాములే ఉండగలదు. ఉండగలిగిన ఆవిరిలో నిజంగా ఉన్నది నూటికి ఎంత అని చెప్పే లెక్కనే సాపేక్ష ఆర్ద్రత అంటారు. 30 డిగ్రీల గాలిలో ఘనమీటరుకు 24 గ్రాముల ఆవిరి ఉంటే సాపేక్ష ఆర్ద్రత 80 శాతం అన్నమాట.

సముద్రం పక్కన గాలికి ఆవిరి పుష్కలంగా దొరుకుతుంది. అందుకే అక్కడ చెమట ఆరదు, బట్టలు త్వరగా ఆరవు, జాడీలో ఉప్పు చెమ్మగిల్లుతుంది, వేయించిన అప్పడం కాసేపటికే మెత్తబడుతుంది. ఉప్పు, అప్పడం పీల్చుకునే ఆ తేమనే మన వెంట్రుకలు కూడా పీల్చుకుంటాయి. బాగా తడిసిన వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీటిని పీల్చుకోగలదు.

వెంట్రుక లోపల ఏముంది?

వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే, దాని పైన ఇంటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు పలుచని పొలుసులు కనిపిస్తాయి. ఈ పొలుసుల కింద వెంట్రుకలోని ముఖ్యభాగం ఉంటుంది. అది కెరాటిన్ అనే ప్రోటీన్ పోగులతో తయారయింది. ప్రోటీన్ గొలుసు మెలి తిరిగిన మెట్లదారిలా ఎలా చుట్టుకుంటుందో 1951లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు వివరించారు. వెంట్రుకలోని కెరాటిన్ గొలుసుల్లో కనిపించేది ఆ మెలికే.

ఈ గొలుసులను పట్టి ఉంచే బంధాల్లో రెండు రకాలు మనకు ముఖ్యం. మొదటివి గంధకపు బంధాలు. ఇవి చాలా గట్టివి. నీటికి తెగవు. వెంట్రుక కాలినప్పుడు ముక్కు మూసుకునేంత కంపు రావడానికి ఈ గంధకం కూడా కారణమే. రెండవవి హైడ్రోజన్ బంధాలు. ఇవి బలహీనమైనవే కాని, లెక్కలేనన్ని ఉంటాయి. నీరు తగిలితే ఇవి విడిపోతాయి. ఆరితే మళ్ళీ కొత్తచోట ముడిపడతాయి.

దీన్ని మీరే చూడవచ్చు. తిన్నని జుట్టున్న వారి తలలో ఒక చిన్న పాయను కొద్దిగా తడిపి, జడలా అల్లండి. పూర్తిగా ఆరిన తర్వాత విప్పండి. పాయ అలలు అలలుగా ఉంటుంది. మళ్ళీ తడపండి. అలలు మాయం! జడలో ఉండగా ముడిపడిన హైడ్రోజన్ బంధాలు నీటికి విడిపోయాయి. పాయ తన సహజ రూపానికి వచ్చేసింది.

ఉంగరం ఎక్కడిది?

వెంట్రుక పుట్టేది చర్మంలోని రోమకూపంలో. కూపం నిటారుగా ఉంటే వెంట్రుక తిన్నగా వస్తుంది. కూపం వంగి ఉంటే, వెంట్రుక గట్టిపడేటప్పుడే ఆ వంపు దానిలో నిలిచిపోతుంది. తిన్నని వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే కోత ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. ఉంగరాల వెంట్రుకలో అది కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే లక్షణం. ఎంత దువ్వినా రోమకూపం వంపు మారదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. పొద్దున్న దువ్వి, లాగి, నున్నగా చేసిన జుట్టును ఆ రూపంలో ఉంచడానికి హైడ్రోజన్ బంధాలు సాయపడుతున్నాయి. తేమగాలి తగలగానే అవి విడిపోతాయి. అప్పుడు ప్రతి వెంట్రుకా తన పుట్టుక నాటి వంపుకు తిరిగి వెళుతుంది. అన్ని వంపులూ ఒక్కలా ఉండవు గనుక ఒకటి ఇటు, ఒకటి అటు లేస్తుంది. దాన్నే మనం జుట్టు రేగింది అంటాం.

వెంట్రుకతో వాతావరణ పరికరం

వెంట్రుకకున్న ఈ గుణాన్ని చక్కగా వాడుకున్న శాస్త్రజ్ఞుడు జెనీవాకు చెందిన సొస్యూర్. ఆల్ప్స్ పర్వతాలలో తిరుగుతూ గాలి తేమను కొలవాలనుకున్నాడు. వెంట్రుకల జిడ్డు తీసేసి, వాటితో ఆర్ద్రతామాపకం తయారుచేశాడు. దాన్ని గురించిన గ్రంథాన్ని 1783లో ప్రచురించాడు. బాగా పొడిగాలి నుంచి నిండా తేమ ఉన్న గాలికి మారితే వెంట్రుక పొడవు 2 శాతానికి కాస్త పైగా పెరుగుతుంది. ఆ కొద్దిపాటి మార్పే ముల్లును కదిలిస్తుంది. ఎలక్ట్రానిక్ పరికరాలు రాకముందు వాతావరణ కేంద్రాలలో వెంట్రుక పరికరాలను చాలాకాలం వాడారు. "పిచ్చుక గూడు" అని నవ్వే తలలో లక్ష దాకా ఆర్ద్రతామాపకాలు ఉన్నాయన్నమాట!

మరి జుట్టును ఎలా చూసుకోవాలి?

తలంటు: మాడు నుంచి ఊరే సహజమైన జిడ్డు తిన్నని వెంట్రుక మీద సులువుగా కిందికి జారుతుంది. ఉంగరాల వెంట్రుకలో మలుపులు ఎక్కువ గనుక కొసల దాకా చేరదు. అందుకే మాడు జిడ్డుగా ఉన్నా కొసలు పొడిబారతాయి. కుంకుడురసమైనా, షాంపూ అయినా మాడుకు పట్టించి రుద్దాలి. కొసలకు ఆ నురగ జారితే చాలు. బట్టల సబ్బు వాడకూడదు. దానిలోని క్షారం పొలుసులను లేపుతుంది.

తుడవడం: గరుకు తువ్వాలుతో రుద్దితే పొలుసులు దెబ్బతింటాయి. మెత్తని పాత నూలు బట్టతో అద్ది, నీరు పీల్చనివ్వాలి.

చిక్కు తీయడం: తడివెంట్రుక ఎక్కువగా సాగుతుంది, లాగితే తెగుతుంది. అలాగని ఎండిన ఉంగరాల జుట్టును సన్నని దువ్వెనతో దువ్వితే ఉంగరాలు విడిపోయి ఇంకా రేగుతుంది. కాబట్టి కొద్దిగా తడి ఉండగా, నూనె చేతితో వేళ్ళతోగాని, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతోగాని చిక్కు తీయాలి. ముందు కొసలు, తర్వాత మధ్యభాగం, ఆఖరున కుదుళ్ళు. పైనుంచి ఒకేసారి లాగితే చిక్కు బిగుసుకుంటుంది.

నూనె: కొబ్బరినూనెలోని ముఖ్యమైన కొవ్వు అణువులు చిన్నవి, తిన్ననివి. అవి వెంట్రుక లోపలికి చొరబడగలవు. కొబ్బరినూనె రాసిన వెంట్రుకల నుంచి ప్రోటీన్ నష్టం తగ్గుతుందనీ, పొద్దుతిరుగుడు నూనెకు, ఖనిజ తైలానికి ఆ గుణం కనిపించలేదనీ భారతీయ పరిశోధకులు 2003లో ప్రకటించారు. తలంటుకు ముందు కాస్త రాస్తే వెంట్రుక నీటిని తక్కువగా పీల్చుకుంటుంది. కారేటంత నూనె అక్కరలేదు. చెమటతో కలిసి అది దుమ్మును పట్టుకుంటుంది.

ఆరబెట్టడం: తేమగాలిలో జుట్టు ఆలస్యంగా ఆరుతుంది. తడిజుట్టును బిగించి జడ వేస్తే మాడు చాలాసేపు చెమ్మగా ఉండి, దుర్వాసన వస్తుంది, చుండ్రు పెరగవచ్చు. ఫ్యాను గాలికి ఆరనిచ్చి తర్వాతే జడ వేయాలి. దురద తగ్గకపోయినా, జుట్టు మచ్చలు మచ్చలుగా ఊడినా వైద్యుడికి చూపించాలి.

సాఫు చేయించుకుంటే?

వేడి ఇస్త్రీ పరికరంతో జుట్టును సాఫు చేసినప్పుడు మారేది ముఖ్యంగా హైడ్రోజన్ బంధాలే. సాయంత్రం సముద్రపు గాలి తగిలితే మళ్ళీ మొదటికి వస్తుంది. రోజూ వేడిపెడితే కెరాటిన్ పాడై వెంట్రుక పెళుసవుతుంది.

కొన్ని రసాయనాలు గంధకపు బంధాలనే తెంచుతాయి. జుట్టు సాఫు చేసే మరికొన్ని మందులను వేడిచేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది. అది మనుషులకు కేన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. పైగా కొత్తగా మొలిచే జుట్టు, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున, మళ్ళీ ఉంగరాలుగానే వస్తుంది!

అసలు ఉంగరాల జుట్టు లోపమా? ఈ విషయంలో 2023లో వెలువడిన ఒక ప్రయోగం ఆసక్తికరంగా ఉంది. శరీరంలా వేడెక్కే బొమ్మ తలకు తిన్నని జుట్టు, ఉంగరాల జుట్టు, బాగా బిగుసుకున్న ఉంగరాల జుట్టు ఉన్న విగ్గులు తొడిగి, ఎండలాంటి దీపకాంతిలో ఉంచారు. మాడుకు తగిలే ఎండ వేడిని ఏ జుట్టయినా తగ్గించింది. అన్నిటికన్నా బాగా తగ్గించింది బిగువైన ఉంగరాల జుట్టే. ఎండదేశాల్లో బతికిన మన తొలి పూర్వీకులకు అది సహజమైన గొడుగులా పనిచేసి ఉండవచ్చు.

మీరు చేసి చూడండి

కావలసినవి: ఒక పెద్ద అట్టముక్క, రెండు గుండుసూదులు, 15 సెంటీమీటర్ల చీపురుపుల్ల, సుమారు 20 సెంటీమీటర్ల తిన్నని వెంట్రుక, కాస్త మైనం.

వెంట్రుకను సబ్బునీటితో కడిగి జిడ్డు పోగొట్టండి. అట్టను నిలువుగా పెట్టండి. చీపురుపుల్లను ఒక చివర గుండుసూదితో అట్టకు గుచ్చండి. పుల్ల సులువుగా తిరగాలి. ఆ సూది నుంచి ఒక సెంటీమీటరు దూరంలో పుల్లకు వెంట్రుక కట్టి, రెండవ కొసను పైన రెండవ సూదికి కట్టండి. పుల్ల అడ్డంగా నిలవాలి. పుల్ల కొసకు మినపగింజంత మైనం అంటించండి. వెంట్రుక ఒక మిల్లీమీటరు సాగితే పుల్ల కొస సెంటీమీటరున్నర కిందికి దిగుతుంది.

పొద్దున్న, మధ్యాహ్నం, వానపడినప్పుడు కొస ఎక్కడుందో గీత గీసి, తేదీ, వేళ రాయండి. వారం రోజుల తర్వాత ఆ గీతలు చూడండి. పుల్ల దిగిన రోజుల్లోనే మీ తరగతిలో ఉంగరాల జుట్టు ఎక్కువగా రేగిందా? ఆ అట్టను తరగతిలో వేలాడదీసి, మీ మాస్టారికీ, పక్కవాళ్ళకూ చూపించండి. జుట్టు రేగిన పిల్లను ఈసారి "తల దువ్వుకోలేదా?" అని అడగరు. "ఇవాళ గాలిలో తేమ ఎంత?" అని అడుగుతారు!