బొద్దింక రక్తం ఒక్క మార్కు బిట్టేనా?

ఇంటర్ మొదటి సంవత్సరం జువాలజీలో బొద్దింక పాఠం ఉంది. దాని రక్తానికి రంగుండదు, హీమోగ్లోబిన్ ఉండదు అని పిల్లలు బట్టీపట్టి ముందుకెళ్లిపోతారు. హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం అక్కడే ఆగింది. "ఎర్రకణాలే లేకపోతే ఆ రక్తం చేసే పనేంటి సార్?" అనడిగింది. "అవన్నీ నీట్‌లో రావులేమ్మా" అన్నారు వాళ్ల నాన్న. ఆయన పట్టు రైతు. గూళ్లమ్మిన డబ్బుతో పిల్లను రెండోసారి లాంగ్‌టర్మ్‌లో చేర్చాలని వచ్చారు.

ఆ ప్రశ్నకు జవాబు ఆయన షెడ్డులోనే ఉంది. కీటకాలకు ఆక్సిజన్ వాయునాళాల్లోంచి అందుతుంది కాబట్టి రక్తానికి ఆ బాధ్యత లేదు. ఆ రక్తం నిండా ప్రోటీన్లే. వాటిలో చాలావరకు కొవ్వు దేహాల్లో తయారవుతాయి. అన్నీ కాదు. పట్టుపురుగు రొమ్ము భాగంలో, రెక్కలుగా మారబోయే మొగ్గలను అంటుకుని నాలుగు రక్తోత్పత్తి అవయవాలుంటాయి. అక్కడ పుట్టే కణాల్లో ఈనోసైటాయిడ్లనేవి ప్రోఫినాలాక్సిడేజ్ అనే ప్రోటీన్‌ను తయారుచేసి, పగిలి, రక్తంలో కలుపుతాయి. గాయం నల్లబడి మూసుకోవడం, లోపల చొరబడిన సూక్ష్మజీవి చుట్టూ నల్లటి పొర కట్టడం దాని చలవే. కణాలు పుట్టే చోటు దెబ్బతింటే రక్తం బలమే మారిపోతుంది. గ్రాసరీ జబ్బు సోకిన పురుగు నుంచి పాలలాంటి రక్తం కారడం ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచీ చూస్తోంది. అది ఎందుకలా అవుతుందో అడగవచ్చని ఎవరూ చెప్పలేదంతే.

అలా అడిగినవాళ్లు ఉన్నారు. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో జూల్స్ హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్త తొలి పరిశోధనలు మిడతల మీద. రక్తోత్పత్తి కణజాలం మీదే ఎక్స్‌రేలు ప్రసరింపజేసి ఏం జరుగుతుందో గమనించారు. ఆ దారి కీటకాల రోగనిరోధక శక్తి వైపు, 2011లో వైద్యశాస్త్ర నోబెల్ వరకూ తీసుకెళ్లింది. ఆయన డాక్టరు కాదు. తండ్రి స్కూల్లో సైన్స్ మాస్టారు, పురుగులంటే ప్రాణం. కొడుక్కి ఇచ్చింది ఆ ఇష్టమే.

మన దగ్గర బైపీసీ అనగానే ఎంబీబీఎస్. నీట్ రాసేవాళ్లు 20 లక్షలకు పైగా, సీట్లు లక్ష పైచిలుకు. పిల్లకే పట్టుదల ఉంటే ఇంకోసారి రాయనివ్వండి. బంధువుల ముందు చెప్పుకోవడానికైతే వద్దు. రెండేళ్లు హాస్టల్ గదిలో ర్యాంకుల పట్టికలో తమ పేరు వెతుక్కుని, ఆ తర్వాత ఏ సబ్జెక్టు పేరెత్తినా భయపడే పిల్లల్ని చాలామందిని చూశాను. నాకు కోపం వచ్చేదిక్కడే.

ఇంకో వల, లక్షలు తీసుకునే బయోటెక్నాలజీ కోర్సులు. ల్యాబ్‌లో మైక్రోస్కోపుల మీద దుమ్ము కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. మంచి జువాలజీ లెక్చరర్ ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ నా దృష్టిలో వంద రెట్లు నయం. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సెరికల్చర్ చదువుంది.

బైపీసీ, బీఎస్సీ, ఎమ్మెస్సీ, ఆపై సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్: దారి ఇది. నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీకి అయిదేళ్లు పట్టొచ్చు, ఆరూ పట్టొచ్చు. ఇంటికి వెంటనే జీతం కావాల్సినవాళ్లకు ఇది సరిపడదని ముందే చెబుతాను.

కోచింగ్ ఫీజు గడువు ఇంకా పది రోజులుంది. ఈలోగా అమ్మాయిని కిరికెర పట్టు పరిశోధన సంస్థకు తీసుకెళ్లి, నన్నడిగిన ప్రశ్న అక్కడ అడగనివ్వమన్నాను.