ఆర్‌సీ ప్లేన్ ఇంజిన్‌లో బోల్ట్ థ్రెడ్ పోయిందా? ఇలా సరిచేయండి

హెడ్ బోల్ట్ ఎంత తిప్పినా బిగియకుండా ఊరికే తిరుగుతోందా? అయితే రంధ్రంలో థ్రెడ్ పోయినట్టే. బోల్ట్ స్టీల్, క్రాంక్‌కేస్ అల్యూమినియం. అతిగా బిగిస్తే ముందు పోయేది మెత్తటి అల్యూమినియమే. అలాగే నడిపితే కంప్రెషన్ లీకై పవర్ తగ్గుతుంది, ఇంజిన్ గాల్లోనే ఆగిపోవచ్చు. కొత్త క్రాంక్‌కేస్ కొనేముందు ఈ మూడు దారులు చూడండి.

1. పొడవాటి బోల్ట్: రంధ్రం లోతు కొలవండి. అడుగున వాడని థ్రెడ్ మిగిలి ఉంటే కాస్త పొడవైన బోల్ట్ చాలు. కానీ బోల్ట్ కొన అడుగుకు తగిలితే హెడ్ బిగియదు.

2. పెద్ద సైజ్: ఎం3 రంధ్రాన్ని 3.3 మి.మీ. డ్రిల్‌తో పెంచి ఎం4 ట్యాప్ వేయొచ్చు. అప్పుడు హెడ్‌లోని రంధ్రాన్నీ పెంచాలి. చుట్టూ ఉన్న గోడ పల్చబడుతుంది, పగిలితే ఇక క్రాంక్‌కేస్ పోయినట్టే.

3. హెలికాయిల్: ఇది స్ప్రింగ్ లాంటి స్టీల్ ఇన్సర్ట్. కిట్‌లో చెప్పిన డ్రిల్, దానికే ఉన్న ప్రత్యేక ట్యాప్ మాత్రమే వాడాలి. పాత ఎం3 బోల్టే పడుతుంది, థ్రెడ్ కూడా స్టీల్‌దే. గోడ మందం సరిపోతే ఇదే బెస్ట్.

డ్రిల్ పెట్టేముందు ఇంజిన్ పూర్తిగా విప్పేయండి. ట్యాప్‌ను నిటారుగా పట్టుకుని, రెండు చుక్కల కిరోసిన్ వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ వెళ్లండి. తర్వాత శుభ్రంగా కడగండి. కాస్త రజను లోపల మిగిలినా పిస్టన్, లైనర్ గీతలు పడతాయి. చివరగా హెడ్ బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి.