అడవుల పునరుద్ధరణ: నాణ్యతకు కొలమానం

అడవుల పునరుద్ధరణ పథకాల నివేదికల్లో నాటిన మొక్కల సంఖ్య, బతికిన మొక్కల శాతం ప్రధానంగా కనిపిస్తాయి. నాటే పని ఎలా జరిగిందో ఇవి తెలుపుతాయి. అడవి తిరిగి ఏర్పడుతున్నదా అన్నది తెలుపవు. వందకు తొంభై మొక్కలు బతికిన జామాయిల్ తోట సైతం అడవి కాదు. ధ్రువీకరణ ప్రమాణాల అవసరం ఇక్కడే ఏర్పడుతున్నది.

ప్రమాణాల స్వరూపం

సొసైటీ ఫర్ ఎకలాజికల్ రెస్టొరేషన్ 2016లో వెలువరించి 2019లో సవరించిన అంతర్జాతీయ ప్రమాణాలు ఈ రంగంలో ముఖ్యమైనవి. వీటి ప్రకారం ముందుగా మాదిరి ఆవరణ వ్యవస్థను నిర్ణయించాలి. అనగా, ఆ ప్రదేశం క్షీణించకుండా ఉంటే ఎలా ఉండేదో గుర్తించాలి. తరువాత దానితో పోల్చి ఆరు అంశాలలో ప్రగతిని 5 నక్షత్రాల కొలతపై అంచనా వేయాలి. అవి:

1. ముప్పుల తొలగింపు
2. నేల, నీటి భౌతిక స్థితి
3. జాతుల కూర్పు
4. నిర్మాణ వైవిధ్యం
5. ఆవరణ వ్యవస్థ పనితీరు
6. పరిసర ప్రాంతాలతో వినిమయం

క్షేత్ర ఉదాహరణలు

కృష్ణా, గోదావరి డెల్టాలలో మడచెట్లు నరికిన చోట నేల కుంగి, పోటు నీరు నిలిచి ఆవిరై, లవణత పెరిగింది. అక్కడ మొక్కలు నాటినంత మాత్రాన ఫలితం ఉండదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, పోటు నీరు వచ్చిపోయే మార్గం కల్పించి మొక్కలు నాటించాయి. రెండవ అంశం సరిపడనిదే మూడవది నిలువదని దీనివలన తెలుస్తున్నది.

నంద్యాల జిల్లా రోళ్లపాడు పచ్చిక బయళ్లు బట్టమేక పిట్టకు ఆవాసంగా పేరొందినవి. అటువంటి చోట చెట్లు నాటడం పునరుద్ధరణ కాదు, ఆవాస నష్టమే.

గ్రీన్ క్రెడిట్ అనుభవం

కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రకటించిన గ్రీన్ క్రెడిట్ కార్యక్రమానికి 2024 ఫిబ్రవరి పద్ధతి ప్రకారం హెక్టారుకు కనీసం 1,100 చెట్ల సాంద్రత, చెట్టుకొక క్రెడిట్ ప్రాతిపదిక. 2025 ఆగస్టు సవరణలో 5 సంవత్సరాల కాలం, కనీసం 40 శాతం పైకప్పు సాంద్రత నిబంధనలుగా చేరాయి. మొక్కల లెక్క నుండి ఫలితం వైపు ఇది మేలైన అడుగు. అయినను పైకప్పు సాంద్రత పై ఆరింటిలో నిర్మాణానికి సంబంధించిన ఒక సూచిక మాత్రమే. సహజంగా చెట్లు పలుచగా ఉండే పొదల భూములకు ఈ కొలతను వర్తింపజేస్తే, ప్రమాణమే తగని చోట చెట్ల పెంపకాన్ని ప్రోత్సహించగలదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

• నాటడానికి ముందే ప్రాథమిక స్థితిని నమోదు చేయాలి.
• సమీపంలోని చెక్కుచెదరని ప్రాంతాన్ని మాదిరిగా ఎంచుకోవాలి. అది పచ్చిక అయితే పచ్చికనే లక్ష్యంగా ఉంచాలి.
• నాటిన మొక్కలను, సహజంగా మొలిచిన స్థానిక జాతుల మొక్కలను వేరువేరుగా లెక్కించాలి. రెండవ సంఖ్య ఏటేటా పెరగడం కోలుకోవడానికి నమ్మదగిన గుర్తు.
• పథకాన్ని అమలు చేసినవారు కాక, ఇతరులు క్షేత్రానికి వెళ్లి తనిఖీ చేయాలి.